24 రోజుల కాపురం

2004 మార్చి 10, బుధవారం రాత్రి అమెరికా టెలివిజన్‌లో ఒక కొత్త సంసారం గృహప్రవేశం చేసింది. ఇంటిపేరు స్మాషెన్‌బర్న్. తండ్రి రిప్, తల్లి రాకెల్, కూతురు ఆలిస్, కొడుకు బిల్లీ. వాళ్లతోపాటు టర్బో అనే పెంపుడు జంతువు. అది ఏ జాతిదో తేల్చి చెప్పలేం, మాటలు మాత్రం మనిషిలా మాట్లాడుతుంది. ఏప్రిల్ 2, శుక్రవారంతో ఆ ఇంటికి తాళం పడింది. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకొని లెక్కపెడితే 24 రోజులు. ఆ రోజుల్లో జనం చూసినవి ఐదు కథలు. ఆరోది తయారై కూర్చుంది గాని దాన్ని లోపలికి పిలిచినవాళ్లు లేరు.

కంప్యూటర్ బొమ్మలతో తీసిన ఆ హాస్య ధారావాహిక పేరు 'గేమ్ ఓవర్'. మన ఇళ్లలోనైతే పెద్దవాళ్లు ఆ పేరు పెట్టనిచ్చేవాళ్లు కారు. బిడ్డను శుభమా అని ఎత్తుకుంటూ అయిపోయిందన్న మాట నోట రానిస్తారా, పైన తథాస్తు దేవతలు వింటుంటారు అని కసిరేవాళ్లు. పెట్టినవాళ్లకు మాత్రం ఆ మాటలో కథకు మొదలు కనబడింది. తెర మీద ఆ రెండు ముక్కలూ పడ్డాక, ఆడుకుంటున్న పిల్లవాడు లేచి అన్నానికి వెళ్లిపోయాక, ఆ ఆటలోని మనుషులు ఎక్కడికి వెళ్తారు? వాళ్లకూ ఇల్లుంటుందా, ఇంట్లో ఎదురుచూసేవాళ్లుంటారా? ఈ ప్రశ్నలోంచే స్మాషెన్‌బర్న్ కుటుంబం పుట్టింది.

టీవీకి తగిలించే ఆట పెట్టెతో పెరిగిన తరం మాది. క్యాసెట్టు పట్టకపోతే బయటికి తీసి, నోటితో ఊది, మళ్లీ లోపలికి నొక్కేవాళ్లం. 'నేను చచ్చిపోయాను, ఇంక నీ వంతు' అని ఎంత తేలిగ్గా అనేవాళ్లమో! ఒక లైఫు పోతే ఇంకో లైఫు, అదీ పోతే మళ్లీ మొదటి స్టేజీ. తెర మీద చచ్చిపోయిన ఆ మనిషి గురించి, అటువైపు అతనికీ ఒక రోజు గడిచింది కాబోలు అని మేమెవ్వరం ఒక్కసారి కూడా అనుకున్నది లేదు. అందుకే చాలా ఏళ్ల తర్వాత 'గేమ్ ఓవర్'ను డీవీడీలో చూసినప్పుడు నవ్వుకన్నా ముందు నాకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

రిప్ రేసు కార్ల డ్రైవరు. గుద్దుకోవడం, తగలబడటం అనే రెండు పనులనూ కలిపి వాళ్ల ఇంటిపేరు చేశారు; అతని ఉద్యోగమంతా అందులోనే ఉంది. రాకెల్ రాక్షసులతో, ఆపదలతో తలపడే సాహస వనిత. 'టూంబ్ రైడర్' ఆటలోని లారా క్రాఫ్ట్‌ను ఎరిగినవాళ్లు ఆమెను చూడగానే ఆ పోలిక పట్టేస్తారు. పగలంతా ఇలా ప్రాణాలతో చెలగాటమాడి, సాయంత్రానికి నగర శివారులోని మామూలు ఇంటికి చేరి, ఎదుగుతున్న పిల్లల కోపతాపాల ముందు నిస్సహాయంగా నిలబడే అమ్మానాన్నలు. ఈ ఊహ నాకెందుకు అంత దగ్గరగా అనిపించిందో ఆలోచిస్తే మన తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. రామరావణ యుద్ధం భీకరంగా సాగుతుండగా మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెర మీదికి దూకుతారు. మొగుడూ పెళ్లాల తగువు, సవతి పోరు, ఎత్తిపొడుపులు. నిద్ర కాచుకుంటూ కూర్చున్న ఊరు ఊరంతా ఆ కాసేపటికోసం చూస్తుంది. యుద్ధం చేసే బొమ్మలు వేరు, కాపురం చేసే బొమ్మలు వేరు. 'గేమ్ ఓవర్' ఆ రెండు బరువులూ ఒకే బొమ్మ మీద పెట్టింది. రాక్షసుణ్ణి చంపి వచ్చిన చెయ్యే ఇంటి తలుపు తియ్యాలి. గొప్ప ఊహ. దాని లోతు ఐదు కథల్లో అందేది కాదు.

ఆ ఊహకు కర్త డేవిడ్ సాక్స్. 'ద సింప్సన్స్'కూ, 'థర్డ్ రాక్ ఫ్రమ్ ద సన్'కూ రాసిన చెయ్యి. ఈ రెండోదాంట్లో వేరే లోకం నుంచి వచ్చిన జీవులు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మనుషుల్లా వేషం కట్టి ఒక కుటుంబంగా బతుకుతారు. ఎవరికీ చెందని జీవాలను ఒక గూటికి చేర్చి, వాళ్లకూ అన్నం కంచం ముందు అలకలు తప్పవని చూపించడం ఆయనకు కొత్త కాదు. పైగా ఆయన వెనక నిలబడిన సంస్థ సామాన్యమైంది కాదు. అది కార్సీ-వెర్నర్.

మార్సీ కార్సీ, టామ్ వెర్నర్ ఏబీసీ నెట్‌వర్క్‌లో పెద్ద ఉద్యోగాలు వదులుకుని 1980ల మొదట్లో సొంత కొట్టు పెట్టుకున్నవాళ్లు. 1984లో 'ద కాస్బీ షో', 1988లో 'రోజాన్', 1996లో 'థర్డ్ రాక్', 1998లో 'దట్ సెవెంటీస్ షో'. అమెరికా టీవీలో కుటుంబం అన్న మాటకు రూపం కట్టించినవాళ్లలో వీళ్లది ముందు వరస. డాక్టరు తండ్రి, లాయరు తల్లి ఉన్న నల్లజాతి కుటుంబాన్ని దేశమంతటి నట్టింట్లో కూర్చోబెట్టింది వీళ్లే. నెలాఖరుకు డబ్బు చాలక ఒకరి మీద ఒకరు విసుక్కునే కార్మిక కుటుంబాన్ని ఏ రంగూ పులమకుండా చూపించిందీ వీళ్లే. అంతటి ఇంట పుట్టిన బిడ్డ స్మాషెన్‌బర్న్ కుటుంబం. అయితే అది పుట్టేనాటికే ఆ ఇంటి పునాదుల్లోకి నీళ్లు చేరాయి.

ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పుకోవాలి, ఈ పతనం అసలు కథ అక్కడే ఉంది. 1970లో అమెరికా ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ ఒక నియమం పెట్టింది. రాత్రి వేళ ప్రసారం చేసే కార్యక్రమాల్లో చాలావాటి మీద నెట్‌వర్కులకు యాజమాన్య వాటా ఉండకూడదు, వాటిని మళ్లీ అమ్ముకునే హక్కూ ఉండకూడదు. తీసినవాడిదే సొత్తు. పంటను అంగడిలో పెట్టేవాడు ఒకడు, పండించేవాడు ఇంకొకడు. ఆ పండించేవాడికి గింజల మీద హక్కు మిగిలేలా కట్టిన గట్టు అది. నెట్‌వర్క్ ఒకసారి ప్రసారం చేశాక, ఆ కథలనే ఊరూరి స్టేషన్లకు ఏళ్ల తరబడి అమ్ముకోవచ్చు. కార్సీ-వెర్నర్ నిలబడింది ఆ గట్టు మీద. 1993 నుంచి 1995 లోపల ఆ నియమం సడలి, చివరికి పూర్తిగా పోయింది. ఆ తర్వాత నెట్‌వర్కులు తమ కార్యక్రమాలు తామే తీసుకోవడం మొదలుపెట్టాయి. బయటివాడి కథ బాగున్నా, సొంత బిడ్డకు పెట్టినట్టు వాడికి పెట్టాల్సిన పని లేకపోయింది.

ఆ గట్టు తెగిన వరదలోనే ఇంకో రెండు మొక్కలు మొలిచాయి. తమ కథలకు చోటు దొరకదేమోనని సినిమా కంపెనీలు భయపడి సొంతంగా నెట్‌వర్కులు పెట్టుకున్నాయి. 1995 జనవరి 11న డబ్ల్యూబీ, ఐదు రోజుల తర్వాత 16న యూపీఎన్. రెండోదాంట్లో ఒక భాగస్వామి క్రిస్-క్రాఫ్ట్, రెండో భాగస్వామి పారమౌంట్. 'స్టార్ ట్రెక్: వాయేజర్'తో ఆర్భాటంగా తెర లేచింది. ఆనాటి నుంచి చివరి దాకా యూపీఎన్‌కు తన ముఖం ఏదో తనకే తెలియలేదు. సోమవారం నల్లజాతి కుటుంబాల హాస్య కథలు, వారంలో ఒక రాత్రి అంతరిక్ష నౌక, ఒక రాత్రి కుస్తీ పోటీలు, తర్వాత అందాల మోడళ్ల పోటీ. ఒక రాత్రి వచ్చిన చుట్టాలకూ మర్నాటి రాత్రి వచ్చినవాళ్లకూ ముఖ పరిచయం ఉండేది కాదు. ఆ సత్రంలో స్మాషెన్‌బర్న్‌లకు గది ఇచ్చారు.

ఏ నియమం నీడన కన్నతల్లి కార్సీ-వెర్నర్ బతికిందో, అది పోయిన భయంలోంచే పెంపుడు తల్లి యూపీఎన్ పుట్టింది. 2004 నాటికి ఇద్దరికీ ఒంట్లో బాగాలేదు. ఈ సంగతి తెలిశాక, హాస్యం పండలేదు కాబట్టి పోయింది అని తేల్చేసేవాళ్ల మాట నా మనసుకు పట్టదు. హాస్యం అక్కడక్కడ తేలిపోయిన మాట నిజమే, కాదనను. బొమ్మల ఒంటి మెరుపులో ప్లాస్టిక్ ఛాయ ఉంది, నడకలో బిగువు ఉంది. ఏడాది ముందే 'ఫైండింగ్ నీమో' చూసిన కళ్లకు అది ఆనకపోవచ్చు. నాకైతే ఆ బిగువు వాళ్లకు తగినట్టే తోచింది. అప్పటి ఆటల్లో మనుషులు అలాగే ఉండేవాళ్లు, మూలలు తేలిన భుజాలతో, గాజు కళ్లతో. ఆ శరీరాల్లోంచి ఒక తండ్రి దిగులు బయటికి రావడం చూస్తుంటే, మాటలు కుదరని మనిషి బాధ చెప్పుకున్నట్టుంటుంది.

గొంతులు మాత్రం మేలైనవి. రిప్‌కు ప్యాట్రిక్ వార్బర్టన్ గొంతిచ్చాడు. 'ఫ్యామిలీ గై'లో చక్రాల కుర్చీలో కూర్చునే పోలీసు జో స్వాన్సన్ ఆయనే. బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతు ఎంత పెద్ద ప్రమాదాన్నైనా నిదానంగా చెబుతుంది. రోజూ గుద్దుకునే మనిషికి అంతకన్నా తగిన గొంతు ఇంకొకటి ఉండదు. రాకెల్‌కు మొదటి నమూనా కథలో మరిసా టొమే పలికింది. ప్రసారానికి వచ్చేసరికి ఆ చోట లూసీ లియూ వచ్చింది. అప్పటికి ఐదు నెలల కిందటే 'కిల్ బిల్'లో కత్తి పట్టిన మనిషి. ఆలిస్‌కు రేచల్ డ్రాచ్, టర్బోకు ఆర్టీ లాంగ్, బిల్లీకి ఈజీ డైలీ. 'రగ్‌రాట్స్'లో పసివాడు టామీ పికిల్స్‌కు 1991 నుంచి గొంతిచ్చింది ఈవిడే.

కార్సీ-వెర్నర్ విద్య అంతా ఎదుట కూర్చున్న ప్రేక్షకుల మీద ఆధారపడింది. 'కాస్బీ', 'రోజాన్', 'థర్డ్ రాక్' జనం ముందు నాటకంలా ఆడినవి. మాట పేలకపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది, రచయిత కాగితం మీద కొట్టేసి వేరే మాట రాస్తాడు. నవ్వు ఎక్కువసేపు నిలిస్తే నటుడు ఆగుతాడు. కంప్యూటర్ బొమ్మలకు ఆ భాగ్యం లేదు. ముందు గొంతులు పట్టాలి, తర్వాత సన్నివేశాల గీతలు, తర్వాత బొమ్మల కదలిక, పెదవుల కలయిక, వెలుగునీడలు, ఆ పైన ఒక్కో చిత్రాన్ని యంత్రం లెక్కకట్టి బయటికి ఇచ్చే సుదీర్ఘమైన ఎదురుచూపు. నెలలు పడుతుంది. మొదటి కథ జనంలోకి వెళ్లేసరికి చివరి కథ దాకా పని అయిపోయి ఉంటుంది. జనం ఏమంటున్నారో విని మార్చుకునే దారి లేదు. వినడంలోనే ఆరితేరిన ఇల్లు వినలేని బిడ్డను కన్నది.

ఆ ఏడాది ఆ దారిన నడిచినవాళ్లు ఇంకొకరున్నారు. 2004 ఆగస్టు 31న ఎన్‌బీసీలో 'ఫాదర్ ఆఫ్ ద ప్రైడ్' మొదలైంది. లాస్ వేగస్ ఇంద్రజాల ప్రదర్శనలో పనిచేసే సింహాల కుటుంబ కథ. తీసింది 'ష్రెక్' తీసిన డ్రీమ్‌వర్క్స్. అదీ ఒక్క సీజను దాటలేదు. కంప్యూటర్ బొమ్మల రాత్రి వేళ హాస్యం రెండు ఇళ్లలో, ఒకే ఏట కన్నుమూసింది.

మార్చి నెలలో మొదలవడం అంటేనే మధ్యలో వచ్చి వరస చివర కూర్చోవడం. అమెరికా టీవీలో పెద్ద పంక్తి సెప్టెంబరులో లేస్తుంది. ఏ విస్తరి ఖాళీ అయితే అందులో పెట్టడానికి కొన్ని కథలను వెనక ఉంచుకుంటారు. 'గేమ్ ఓవర్' అలా వచ్చింది. చూసేవాళ్లు తక్కువయ్యారు. బుధవారం మొదలైన కాపురం శుక్రవారానికి మారింది. అమెరికాలో శుక్రవారం రాత్రి కుర్రకారు ఇంట్లో ఉండరు. వీడియో గేములు ఎరిగిన ఆ కుర్రకారు కోసమే తీసిన కథ అది. ఏప్రిల్ 2 తర్వాత ఇక రాలేదు.

ఐదు కథలు అనుకున్నప్పుడల్లా నాకు ఇంకో రెండు ఐదులు గుర్తొస్తాయి. 'సైన్‌ఫెల్డ్' మొదటి సీజను మొత్తం ఐదే. 1989 జులైలో నమూనా కథ, ఏడాది తర్వాత ఇంకో నాలుగు. ఎన్‌బీసీ ఓపిక పట్టింది. 1998లో ముగిసేనాటికి అవి 180 అయ్యాయి. ప్యాట్రిక్ వార్బర్టన్ గొంతు దేశానికి పరిచయమైంది అందులోని పుడ్డీ పాత్రతోనే. ఆ ఓపిక లేకపోతే ఆ గొంతును అలా గుర్తుపట్టేవాళ్లే ఉండరు.

రెండో ఐదు ఇంకా బాధగా ఉంటుంది. 1999లో యూపీఎన్ 'హోమ్ మూవీస్' అనే బొమ్మల హాస్యాన్ని మొదలుపెట్టింది. వీడియో కెమెరాతో సినిమాలు తీసుకునే ఎనిమిదేళ్ల పిల్లవాడి కథ. ఐదు కథలు వేసి ఆపేసింది. ఆ అనాథను పెద్దల కార్టూన్లు వేసే అడల్ట్ స్విమ్ చేరదీసింది. చేతిలో ఇంకా వెయ్యని కథలున్నాయి, తీసే తీరు తక్కువ ఖర్చుది, పెంచడం భారం కాలేదు. అది నాలుగు సీజన్లు బతికి, 52 కథలు చెప్పి, చెప్పాల్సింది చెప్పుకుని నిండుగా వెళ్లిపోయింది. వెళ్లిపోయిన రోజు 2004 ఏప్రిల్ 4. స్మాషెన్‌బర్న్‌ల చివరి రాత్రికి సరిగ్గా రెండు రోజుల తర్వాత. ఒకే తల్లి వదిలేసిన ఇద్దరు బిడ్డల్లో ఒకరు నిండు ఆయుష్షుతోనూ ఇంకొకరు పురిటి వాసన పోకుండానూ ఒకే వారంలో వెళ్లిపోయారు.

ఆ రోజుల్లోనే 'ఫ్యామిలీ గై' కూడా చచ్చి పడి ఉంది. ఫాక్స్ దాన్ని 2002లో తీసేసింది. డీవీడీలు కొన్నవాళ్లు, అర్ధరాత్రి పునఃప్రసారాలు చూసినవాళ్లు దాన్ని 2005లో మళ్లీ లేపి కూర్చోబెట్టారు. 'ఫ్యూచరామా'కూ అలాంటి పునర్జన్మే దొరికింది. వాటికి అప్పటికే పదుల కథలున్నాయి. పునఃప్రసారం చెయ్యడానికి, మళ్లీ మళ్లీ చూసి ముచ్చటపడటానికి, ఒక మాటను ఊతపదం చేసుకోవడానికి సరిపడా సరుకుంది. ఆరు కథలను ఎన్నిసార్లని తిప్పుతారు? టీవీలోని కుటుంబం మన కుటుంబం కావడానికి చనువు కావాలి. వాళ్ల వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో మనకు తెలియాలి. తండ్రి నోరు తెరవకముందే ఏమంటాడో మనమే అనెయ్యాలి. అది నెలల మీద కుదిరే పని. రిప్ ఇంటికొచ్చి ఏ కుర్చీలో కూలబడతాడో చూసినవాళ్లకు అలవాటయ్యేలోపే ఆ కుర్చీ తీసేశారు.

కన్నతల్లి ఆ తర్వాత కోలుకోలేదు. అదే ఏడాది ఎన్‌బీసీలో ఆ సంస్థ తీసిన 'హూపీ', 'ద ట్రేసీ మోర్గన్ షో' రెండూ ఒక్కో సీజనుతో ఆగాయి. కొత్త కథలకు చోటు దొరకడం కష్టమై, ఆ సంస్థ పాత కథలను అమ్ముకునే కొట్టుగా మిగిలింది. 2006 మే 18న 'దట్ సెవెంటీస్ షో' ముగిసింది. ఒకప్పుడు వారంలో ఏ రాత్రి టీవీ పెట్టినా కనిపించిన పేరు కార్సీ-వెర్నర్.

పెంపుడు తల్లిదీ అదే ఏడాది. 2006 జనవరి 24న సీబీఎస్, వార్నర్ కలిసి యూపీఎన్‌నూ డబ్ల్యూబీనీ మూసేసి రెండిటి చోటా ఒకే నెట్‌వర్క్ పెడతామని చెప్పాయి. సెప్టెంబరు 15 రాత్రి కుస్తీ పోటీ ప్రసారంతో యూపీఎన్ ఆరిపోయింది. పదకొండేళ్ల ఎనిమిది నెలల బతుకు.

2012 నవంబరులో డిస్నీ నుంచి 'రెక్ ఇట్ రాల్ఫ్' వచ్చింది. ఆటలశాల మూసేశాక ఆటల్లోని మనుషులు ఏం చేస్తారు, రోజంతా గోడలు పగలగొట్టి అలసిన మనిషి రాత్రి ఎక్కడ తల వాలుస్తాడు. లోకమంతా హాళ్లు నిండాయి, ఆస్కార్ నామినేషనూ వచ్చింది. అందులో ఒక రేసు ఆట డ్రైవరు ఉన్నాడు. తన ఆటకు గిరాకీ పోతే తట్టుకోలేక ఇంకొకరి ఆటలోకి దూరి, రెండు ఆటలనూ నాశనం చేస్తాడు. అతని పేరు టర్బో. దీన్ని చూసి అది పెట్టారని నేననను, ఆ పేరు ఎవరికైనా తట్టేదే. కానీ ఆ హాల్లో అందరూ నవ్వుతుంటే ఆ పేరు వినగానే నాకు ఆ ఇల్లు గుర్తొచ్చింది, ఆ ఇంట్లో జాతి తెలియని ఆ జంతువు గుర్తొచ్చింది. ప్రశ్న మంచిదేనని లోకం ఒప్పుకుంది. మొదట అడిగినవాళ్ల పేరు ఎవరికీ గుర్తులేదు.

'రగ్‌రాట్స్' కూడా 2004లోనే ఆగింది, తొమ్మిది సీజన్ల తర్వాత. 2021లో పారమౌంట్ ప్లస్ దాన్ని తిరిగి తెచ్చింది, ఈసారి కంప్యూటర్ బొమ్మలతో. యూపీఎన్ పేరులో నడుమనున్న అక్షరం ఈ పారమౌంట్‌దే. ఈజీ డైలీని మళ్లీ పిలిచారు. అరవైకి దగ్గరపడిన ఆ మనిషి మైకు ముందు నిలబడి మళ్లీ ఏడాది పసివాడు టామీ అయింది. ఆ గొంతే పోసుకున్న బిల్లీ స్మాషెన్‌బర్న్ మాత్రం ఇంకా ఆ ఏప్రిల్ శుక్రవారం రాత్రి దగ్గరే ఉన్నాడు, ఆరో కథకు తయారై.